ప్రశ్నలో కలిపిన మాట

పోయిన శనివారం మా కోడలు, తనూ లాయరే, కోర్టులో వాదించేవాళ్లకు ఏదో శిక్షణ ఉందంటూ నన్ను కూడా హైటెక్ సిటీలో ఓ అద్దాల మేడకు తీసుకెళ్లింది. వేదిక మీద కుర్రవాడు భలే హుషారుగా మాట్లాడాడు. మనకు కావలసిన మాటను ప్రశ్నలోనే కలిపేసి అడగాలట, అలా రెండు మూడుసార్లు అడిగితే సాక్షి తనకు తెలియకుండానే ఆ మాటను తనదిగా చేసుకుంటాడట. హాలంతా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే ఆ విద్య వల్లే ఒకప్పుడు మా అన్నకు జైలు తప్పదనుకున్నాం.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఈ చుట్టుపక్కలంతా బండరాళ్లూ, సగం లేచిన గోడలూ, వాన పడితే కాలు పెట్టలేని బురదా. అన్న శేరిలింగంపల్లి నుంచి ఆ కట్టడాలకు నీళ్ల ట్యాంకరు తోలేవాడు. ఓ ముసురు రోజున ఒక స్కూటరతను ట్యాంకరు ముందు చక్రం దగ్గర పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. బండి ఆపుకునే ఉన్నాను, స్కూటరే జారి వచ్చి తగిలిందని అన్న మొత్తుకున్నాడు. అడ్డదిడ్డంగా తోలాడని పోలీసులు కేసు రాశారు. శిక్ష పడితే లైసెన్సు పోతుంది, ఇల్లు గడవదు, పైగా వదినకు నెలలు నిండుతున్నాయి. నేను నల్లకోటు తొడిగి ఏడాదైనా కాలేదు కనుక కేసు మా సీనియరు గారే చూశారు. ఆయన కోస్తా మనిషి, ఎవరితో మాట్లాడినా అండీ తగిలించకుండా ఉండలేరు.

స్కూటరతనికి ఎలా పడ్డాడో గుర్తే లేదు, చూసిన సాక్షి ఒక్కతే, రోడ్డు పక్కన చాయ్ బండి పెట్టుకున్నామె. సర్కారు వకీలు గారి గొంతేమో మహా మెత్తన. ట్యాంకరు దూసుకొచ్చినప్పుడు నువ్వెక్కడున్నావమ్మా అన్నారు. దూసుకొచ్చిన ట్యాంకరు ఏ రంగుదమ్మా అన్నారు. మా సీనియరు గారు లేచి అభ్యంతరం చెబితే జడ్జి గారు ఒప్పుకున్నారు, ప్రశ్న మారింది, కానీ మాట అప్పటికే ఆమె చెవిలో పడిపోయింది. కాసేపటికి తానే, ట్యాంకరు దూసుకొచ్చింది సారూ అనేసింది. బోనులో అన్న తల వేలాడేశాడు.

మా వంతు వచ్చింది. సీనియరు గారు ఆమెను గద్దించి దులిపేస్తారని ఎదురుచూశాను. ఆయన మాత్రం తీరుబడిగా, ఆ రోజు బేరం ఎలా సాగింది, పాలెక్కడ తెచ్చుకుంటారు అంటూ మొదలుపెట్టారు. జడ్జి గారు గడియారం చూశారు, నాకైతే అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె మాత్రం బెదురు తీరి గలగలా చెప్పుకుపోయింది. పాలు పొంగుతుంటే స్టవ్వు మంట తగ్గిస్తోందట, ధన్‌మని చప్పుడైతే అప్పుడు తలెత్తిందట. మరి ట్యాంకరు రావడం చూశారా అండీ అని ఆయన అడిగారు.

"యాడ సూసిన సారూ, పాలు సూస్కుంటున్న గద."

మరి దూసుకొచ్చిందన్నారే అంటే, సర్కారు వకీలు గారి వైపు చేయి చూపింది. "ఆ సారు గట్లనే అంటుండె. అంత పెద్ద సారు ఉత్తగ అంటడా అని నేను గూడ అన్న."

కేసు కొట్టేశారు. తీర్పు విన్నాక అన్న కోర్టు బయట కొళాయి కింద తల పెట్టి ఎంతసేపు ఉన్నాడో! ఆ స్కూటరతను కూడా కోలుకుని నడుస్తున్నాడని తెలిశాక అమ్మ మనసు పూర్తిగా కుదుటపడింది.

ఇప్పుడు ఆ బురద నేల మీద ఫ్లైఓవర్లు లేచాయి, ఆ విద్యకు పేర్లూ సర్టిఫికెట్లూ వచ్చాయి. మా రోజుల్లోనూ అది ఉన్నదే, కాకపోతే ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినే తీరిక కూడా కొందరికి ఉండేది, దాన్ని ఆ హాల్లో ఎవరూ నేర్పలేదు. బయటికి రాగానే అన్నకు ఫోన్ చేశాను. "ఏందే, అంత మంచిదేనా?" అని కంగారుపడ్డాడు. ఏం లేదన్నా, ఊరికే నీ గొంతు విందామని అన్నాను. మా సీనియరు గారు ఉంటే ఆయనకూ చేసేదాన్ని.