మారిబిడి అన్నందుకు

మొన్న సర్జాపుర రోడ్డులో, మా అపార్ట్‌మెంటు గేటు ముందర, పెండ్లి కుదిరిన జంట ఒకటి అద్దెకు తెచ్చిన పాతకాలపు నల్లకారుకు ఆనుకొని ఫోటోలు దిగుతా ఉండారు. ఆ పిల్ల బానెట్టు నిమిరి "ఎంత ముద్దుగా ఉందో!" అనింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముద్దంట ముద్దు! అట్లాంటిదాంతో కాపురం చేసినదాన్ని, నన్నడగండప్పా చెప్తాను.

తొంభైల్లో నేను అనంతపురం పక్కనుంచి బెంగుళూరికి కాపురానికొచ్చేటప్పటికే మా ఆయన దగ్గర ఒక విలాయతి కారు ఉండింది. నాకన్నా ముందొచ్చింది కాబట్టి పెద్ద సవతి అనుకోండి. వానొస్తే రోడ్డుకన్నా ముందు దాని లోపల తడిసేది. ఆయన స్టీరింగు పట్టుకుంటే నేను పక్కన గొడుగు పట్టాల. నా పక్క తలుపు బయటనుంచి తప్ప తెరుచుకోదు. ఎవరింటికి పోయినా ఆయన దిగొచ్చి తలుపు తీస్తే గానీ నేను దిగేదానికి లేదు. చూసిన ఆడోళ్లంతా "ఎంత మర్యాదస్తుడమ్మా మీ ఆయన" అనేవాళ్లు. నా కర్మ! సిగ్నల్లో బండి ఆగిపోయినా అదే మర్యాద. ఆయన తలుపు తీసేది, నేను పట్టుచీర కుచ్చిళ్లు ఎగదోపుకొని వెనకనుంచి తోసేది. వీధి వీధంతా వినేటట్టు తిట్టేదాన్ని.

నా కన్నడ అప్పటికి అంతంతమాత్రం. తెలుగు మాటకు "బిడి" తగిలిస్తే కన్నడమైపోతాదని పక్కింటామె చెప్పింటే, దాంతోనే నెట్టుకొస్తాండా. ఒకరోజు బ్యాటరీ చచ్చింది. మా ఆయన హెబ్బగోడిలో డ్యూటీకి పోతా, మెకానిక్కు వస్తే బ్యాటరీ మార్చమను అన్నాడు. మెకానిక్కు వచ్చి బానెట్టు ఎత్తినాడు. నేను వంటింట్లో పాలు పొంగుతాండాయని, కారు పక్క చెయ్యి చూపించి, మార్చమనేదానికి "మారిబిడి" అన్నా. అతను నిజంగానేనా అన్నట్టు బిత్తరపోయి "ఖండితానా అమ్మా?" అన్నాడు. "ఖండితా" అన్నా. అతను బానెట్టు మూసి పోతే, బ్యాటరీ తెచ్చేదానికనుకున్నా. కన్నడంలో మారేదంటే అమ్మేదని నాకేం తెలుసు!

ఆదివారం పొద్దున అతను కాడుగోడి నుంచి ఒక కుటుంబాన్ని వెంటబెట్టుకొచ్చినాడు. వాళ్లు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్టుకు పూలదండ వేసి, టెంకాయ కొట్టబోతాండారు. కారు తుడుస్తాండిన మా ఆయన గుడ్డ చేతిలో పట్టుకొని అట్లే నిలబడిపోయినాడు. "అమ్మావ్రే అమ్మేయమన్నారు గదా సార్" అన్నాడు మెకానిక్కు. "బ్యాటరీ మార్చమన్నానప్పా దేవుడా!" అని నేను మొత్తుకుంటే ఎవరు నమ్ముతారు? నా తిట్లు విననోళ్లు ఆ వీధిలో లేరు.

మా ఆయన చేతిలోని గుడ్డ మడిచి బానెట్టు మీద పెట్టినాడు. దాంతో నాకు భయమేసింది. "నీకు దీంతో ఇంత యాతనని నాకు తెలియలేదు. పోనీలే, ఇచ్చేద్దాం" అని తాళంచెవి ఆ కాడుగోడాయన పక్క చాపినాడు. నాకెక్కడ లేని కోపమొచ్చింది. తాళం లాక్కున్నా.

"ఎవర్నడిగి ఇస్తాండావు? నడిపింది నువ్వైతే తోసింది నేను. తిడితే అమ్మేస్తారా? నిన్నూ రోజూ తిడతాండా గదా!"

కాడుగోడామె పకపకా నవ్వి, నిమ్మకాయలు ఏరుకొని పోయింది. ఆ బండి ఇంకా చానా ఏండ్లు మాతోనే ఉండి, దానికేసే సామాన్లు దొరకని రోజులొచ్చినంక పోయింది. ఇప్పుడుండే కారుకు నాతో పనే లేదు. ఎక్కడికైనా ముందుగానే చేరిపోతాము. చేరినంక, మిగిలిన ఆ పొద్దును ఏం చేసుకోవాల్నో తెలియక, ఇద్దరమూ కార్లోనే కూర్చోని ఒకరి మొగం ఒకరు చూసుకుంటాము.