నా ప్రధానంలో నేను లేను

సొంత ప్రధానంలో పెళ్లికొడుకు కనబడకుండా పోయిన ఘోరం ఒకటి చెప్తాను. పారిపోయాడనుకునేరు, అదేం లేదు. అక్కడే ఉన్నాడు, అందరికంటే ఎక్కువ తిరిగాడు, చొక్కా తడిసేలా చెమటోడ్చాడు. అయినా పెళ్లి తప్పిపోయేంత పని చేశాడు. ఆ మహానుభావుణ్ని నేనే.

అప్పట్లో హనుమకొండలో నాకో చిన్న ఫోటో స్టూడియో. స్టూడియో చిన్నదేగానీ నా ఆశ మాత్రం ఫంక్షన్ హాలంత. జిల్లాలో ఎవరి ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా కెమెరా నాదే అయ్యుండాలి. ఆదివారం కూడా షట్టర్ తెరిచే ఉండేది. చర్చిలో ప్రసంగం నడుస్తుంటే వెనక బెంచీలో నక్కి ఫోన్లో బుకింగులు మాట్లాడేవాణ్ని. "జర పానం సూస్కోరా, ఒక్కనాడన్న ఇంటిపట్టున ఉండు" అని అమ్మ మొత్తుకుంటే, "ముసలోన్నయినంక ఇంట్ల పండుకుంటనే" అనేవాణ్ని. ఇంత తెలివైన కొడుకును కన్నందుకు ఆమె నెత్తి కొట్టుకునేది.

అలాంటి నాకు సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు కరుణ. ఉండేది మాకు దగ్గర్లోనే కాశిబుగ్గ, చేసేది దవాఖానలో నర్సు ఉద్యోగం. మా క్రైస్తవుల ఇళ్లల్లో పెళ్లికి ముందు పాస్టర్ అయ్యగారు ప్రార్థన చేసి ఉంగరాలు మార్పిస్తారు. దాన్నే ప్రధానం అంటాం. మా ప్రధానం సాయంత్రం. మీరైతే ఆ పొద్దున ఏం చేస్తారు? తలంటుకుంటారు, అద్దంలో చూసుకుని సిగ్గుపడతారు. నేను నర్సంపేటలో ఒక షావుకారు గారింట్లో వాళ్లమ్మాయికి తొలి చీర కట్టే చీరల ఫంక్షన్ ఫోటోలు ఒప్పుకున్నాను. అది ముగించుకుని భుజాన కెమెరా బ్యాగుతో నేరుగా కాశిబుగ్గలో దిగి, ప్రధానం జరిగే హాలు బాత్రూములో సూటు తొడుక్కుని బయటికొచ్చాను.

ఫోటోల పని నా దోస్తు మోజెస్‌కు అప్పగించాను. నోటితో అప్పగించానుగానీ మనసు ఒప్పుకోలేదు. వాడు ఫ్లాష్‌ను నేరుగా జనం మొహాల మీద కొడుతున్నాడు. కాసేపు ఓర్చుకున్నాను. ఆ తర్వాత కుర్చీలోంచి లేచాను.

"ఇటియ్యిరా, ఒక్క ఫోటో తీసిస్త."

"అరే, నువ్వు పెళ్లికొడుకువురా. కూసో."

"ఒక్కటే అంటాన గదా."

ఆ ఒక్కటి ఎన్ని ఒక్కట్లయిందో దేవుడికే తెలియాలి. మోజెస్ పాపం నా వెనక తిరిగి తిరిగి, కాళ్లు నొప్పిపుట్టి, ఖాళీగా ఉంది కదా అని నా కుర్చీలోనే కూర్చున్నాడు. కరుణ వాళ్ల మేనత్త వచ్చి వాడి తల నిమిరి, "అల్లుడు సక్కగున్నడు" అని మురిసిపోయింది. ఆ మురిపాన్ని కూడా నేనే ఫోటో తీశాను.

ఇంతలో అయ్యగారు బైబిల్ తెరిచి, "పెళ్లికుమారుడు ముందుకు రావాలె" అన్నారు. ఎవరూ కదల్లేదు. ఇలాంటి ఆలస్యాలంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. కెమెరా కంటికి ఆనించుకునే గొంతెత్తాను.

"పెళ్లికొడుకేడున్నడండీ, జర జల్ది రావాలె. అయ్యగారు నిలవడ్డరు."

హాలంతా నా వైపు తిరిగింది. కాబోయే మామగారు మెల్లగా నా పక్కకు వచ్చారు.

"ఎవల్ని పిలుస్తానవ్ బిడ్డా?"

"పెళ్లికొడుకును, అంకుల్."

"మరి నువ్వెవలు?"

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చాకైనా కెమెరా దించానా అంటే, లేదు. ఎడమ చేత్తో కరుణ వేలికి ఉంగరం తొడుగుతూ కుడి చేత్తో దాన్నే ఫోటో తీశాను. అంత దగ్గర్నుంచి అంత మంచి షాట్ మళ్లీ దొరకదనిపించింది. భోజనాల దగ్గర ఆ మేనత్తే నా మెడలో కెమెరా చూసి నన్ను ఆపి, "ఫోటోలోళ్లకు ఆఖరి బంతి బిడ్డా, జర ఆగు" అంది. నేను ఆగాను కూడా.

ఆల్బమ్ తయారయ్యాక కరుణ డ్యూటీ దిగి స్టూడియోకు వచ్చింది. మెచ్చుకుంటుందని టీ కూడా తెప్పించాను. ఆమె చివరి పేజీ దాకా తిప్పి, మళ్లీ మొదటికొచ్చింది.

"అందరున్నరు. మీరేడున్నరు ఇందుల?"

ఉంగరం ఫోటో చూపించాను. "ఇగో, ఈ చెయ్యి నాదే."

"నేను మనిషిని చేసుకుంటాననుకున్న. చెయ్యిని చేసుకుంటాననుకోలే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నాకు గూడ పని ఉంటది. డ్యూటీ అయిపోతే కోటు ఇడిసి తగిలేసి ఇంటికి పోత. మీరెప్పుడు దిగుతరు డ్యూటీ? ఆ దినం నా దిక్కు ఒక్కపారన్న చూసిండ్రా?"

"నీయి ఎన్ని ఫోటోలు తీసిన..."

"అది కెమెరా చూసింది. నేనే రంగు చీర కట్టుకున్ననో, ఆల్బమ్ దిక్కు చూడకుండ చెప్పుండ్రి."

ఆ చీర రంగును కంప్యూటర్లో సరిచేసింది నేనే. అయినా చెయ్యి ఆల్బమ్ మీదికే పోయింది. "ఈ పెళ్లి సంగతి జర ఆలోచించుకుంట" అని టీ ముట్టకుండా వెళ్లిపోయింది. నిజంగా భయమేసింది. ఊళ్లో అందరి పెళ్లిళ్లూ తీస్తూ తీస్తూ నా పెళ్లిని నేనే చెడగొట్టుకున్నానని అప్పుడుగానీ నా బుర్రకెక్కలేదు.

ఆ ఆదివారం షట్టర్ తెరవలేదు. కాశిబుగ్గ వెళ్లి, పెళ్లిలో కెమెరా ముట్టనని కరుణకు మాటిచ్చాను.

"ముడితే?"

"నువ్వు లేచి పో. నేనేమన."

"యాదుంచుకోండ్రి" అంది కరుణ.

పెళ్లినాడు కెమెరా ముట్టలేదు. మోజెస్ ఫ్లాష్ ఎటు కొడుతున్నా పళ్లు కొరుక్కుంటూ చేతులు కట్టుకుని నిలబడ్డాను. అయ్యగారు అడిగారు, "ఈ సహోదరిని నీ భార్యగా స్వీకరించుటకు నీకు ఇష్టమేనా?"

ఇష్టమే అనడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి చక్కటి ఎండ దిగింది. అది కరుణ మొహం మీద పడకుండా అయ్యగారి భుజం అడ్డమొచ్చింది.

"అయ్యగారు, జర ఎడమదిక్కు జరుగుండ్రి. నీడ పడ్తాంది."

చర్చి అంతా గొల్లుమంది. అయ్యగారు జరిగారు కూడా. ఇచ్చిన మాట గుర్తొచ్చి కరుణ వైపు చూశాను. ఆమె మేలిముసుగులో పెదవి కొరుక్కుంటూ నవ్వాపుకుంటోంది. అప్పటిదాకా నన్ను మీరు అన్న మనిషి, నాకొక్కడికే వినబడేలా అంది.

"ముందుగాల ఇష్టమే అను. నీడ సంగతి తర్వాత సూద్దాం."

ఇష్టమే అన్నాను, వీధిలోకి వినబడేంత గట్టిగా. ఆ క్షణాన మోజెస్ తీసిన ఫోటోలో పక్కకు జరిగిన అయ్యగారి వీపు తప్ప ఏమీ లేదు. నాకేం ఫికర్ లేదు. ఆ ఎండలో ఆమె మొహం నేను కళ్లారా చూశాను.

ఇప్పటికీ నాది ఆ చిన్న స్టూడియోనే. ఆదివారం మాత్రం మూత. ఆ పూట ఎంత పెద్ద పెళ్లి పోయినా పోనిస్తాను, మధ్యాహ్నం మాంసం కూర తిని గుర్రుపెట్టి పడుకుంటాను. ఇదంతా రాసి ముగించాక ఒక ఘనమైన ప్రమాణం లేకపోతే బాగుండదనిపించింది. వంటింట్లోకి వెళ్లి, కరుణ ఎదుట కుడి చెయ్యి పైకెత్తి, గొంతు సవరించుకుని పలికాను.

"ఇకమీదట నా ప్రధానంలో నేను ఫోటోలు తీయను."

ఆమె బెండకాయలు కోస్తున్న కత్తిపీట మీంచి తలెత్తింది.

"ఇకమీదట ఎన్ని ప్రధానాలు పెట్టుకుంటానవ్?"