పర్శరాములు పలకరింపు

పర్శరాములుకు పదకొండు భాషలు వచ్చు. ఒక్క దాంట్లోనూ మంచినీళ్ళు అడగడం రాదు.

ఏ దేశంవాడు ఎదురైనా నాలుగే ముక్కలు నేర్చుకుంటాడు: నేను, నువ్వు, సంతోషం, మనసు బాగాలేదు. ఐదో ముక్క చెప్పబోతే "ఖలాస్ భాయ్" అంటాడు. అరబ్బుల దేశంలో జెబెల్ అలీ రేవు కడుతున్న రోజుల్లో అతనితో ఒకే గదిలో వండుకు తిన్న నెల్లూరు సనావుల్లాకి ఈ విద్య వల్ల కడుపు మాడిన పూటలు లెక్కలేదు.

ఓసారి మలయాళీ కొట్టుకి ఉల్లిపాయలకు పంపితే ఉత్త చేతులతో వచ్చాడు.

"ఎర్రగడ్డలేవయ్యా?"

"కొట్టాయన బిడ్డకు ఊర్ల కాలు ఇరిగిందట భాయ్. మనసు మంచిగ లేదన్నడు. గసుంటప్పుడు ఉల్లిగడ్డలు ఎట్ల అడుగుతం?"

ఆ పూట పప్పులో ఉప్పూకారాలే దిక్కయ్యాయి.

ఆ నెలలోనే కెనడా నుంచి లూయీ అనే ఫోర్మన్ దిగాడు. మొహాక్ తెగ మనిషి. ఇనుప దూలాల మీద నడవడం వాళ్ళ ఊళ్ళో తాతలనాటి పని. ఆరంతస్తుల ఎత్తున అరుగు మీద నడిచినట్టు నడిచేవాడు. మాటలే పొదుపు. పర్శరాములు వదులుతాడా! స్టోర్ చూసుకునే సనావుల్లాకి ఇంగ్లీషు వచ్చు గనక, భోజనాల వేళ అతన్ని మధ్యలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. ఈయి అంటే నేను, ఈసె అంటే నువ్వు. నాలుగో ముక్క దగ్గర అందరి నాలుకలూ మడతపడ్డాయి: వగెనిగుహ్రాక్స.

"నా మనసు బాగాలేదు అని అర్థమంట. నీ మనసు బాగాలేదా అని అడగాలంటే సనిగుహ్రాక్స గె అనాలంట" అన్నాడు సనావుల్లా.

"అచ్చం మన లెక్కనే అంటరు! గీయన మా కరీంనగర్ దిక్కోడే!" అని పర్శరాములు లూయీని కావలించుకున్నంత పని చేశాడు.

నెల తిరక్కుండానే, ఓ పొద్దున లూయీ ఏదో ఉత్తరం చదువుకుని, నడుముకు తాడైనా కట్టుకోకుండా పైకెక్కి దూలం చివర కూర్చున్నాడు. గాలి లేచింది. అందరూ ముదీర్ అని పిలిచే సైటు మేనేజరు ఇంగ్లీషులో గొంతు చించుకున్నాడు. సనావుల్లా బతిమాలాడు. లూయీ తల తిప్పలేదు.

పర్శరాములు దూలం కిందికి పోయి అరిచాడు: "ఈసె... సనిగుహ్రాక్స గె?" నీ మనసు బాగాలేదా, అని.

లూయీ కిందికి చూశాడు. కాసేపటికి మెల్లగా దిగివచ్చి, అతని పక్కన ఇసుకలో కూర్చుని, తన భాషలోనే గంటసేపు చెప్పుకున్నాడు. పెంచిన అమ్మమ్మ పోయిందని సనావుల్లాకి తర్వాతెప్పుడో తెలిసింది.

"నీకేం అర్థమయిందయ్యా?" అనడిగాడు సనావుల్లా.

"ఏం కాలే. విన్న."

"ఇంకో నాలుగు మాటలు నేర్చుకొని ఉంటే ఏం పోయింది?"

"నీళ్ళు కావాలంటే సైగ చేసి అడుగుతం భాయ్. మనసు మంచిగ లేదా అని సైగ ఎట్ల చేస్తం?"

ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లు గుర్తొచ్చి సనావుల్లాకి సిగ్గేసింది. ఆ సాయంత్రం కొట్టుకి తనే బయల్దేరాడు. పోయినవాడు గంటకు గానీ రాలేదు.

"ఉల్లిగడ్డలేవి భాయ్?" అన్నాడు పర్శరాములు.

"కొట్టాయన బిడ్డ లేచి నడస్తా ఉందంట. మనిషి బలే కుశాలగా ఉండాడు" అన్నాడు సనావుల్లా. "అట్టాంటప్పుడు ఎర్రగడ్డలు ఎట్టా అడుగుతాం?"