తమ్ముడికి నా మూలుగ

సిరిసిల్లలో మా నాన్న నూలుకు రంగులద్దేవాడు. ఆయన గోళ్లు పలచబడి చీలిపోతే రంగుల వల్లే అన్నాం. ఊపిరందక చనిపోతే మగ్గాల దుమ్ము అన్నాం. అదే పనిలో దిగిన అన్నకూ తమ్ముడికీ అవే గోళ్లు వచ్చినా అదే మాట. నేరమంతా రంగుల మీదకు నెట్టి చేతులు దులుపుకున్నాం!

ఒకరోజు తమ్ముడి చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. హైదరాబాద్‌లో డాక్టరమ్మ చూసి, ఎముకల్లో మూలుగ ఎండిపోతోందన్నారు. దానికీ, ఆ గోళ్లకూ, నాన్న ఊపిరి ఆగడానికీ కారణం రంగులు కాదు, నాన్న నుంచి వచ్చిన ఒక చెడిన జన్యువు. క్రోమోజోముల కొసలను కాపాడాల్సిన ఆ జన్యువు మా ఇంట్లో సరిగ్గా పనిచేయడం లేదట.

"అంటే అంచు లేని బట్ట లెక్క పోగులు ఊడిపోతున్నయా మేడం?" అన్నాడు తమ్ముడు.

"అంతే," అన్నారామె. తోబుట్టువు మూలుగ వాడి మూలుగతో కలిస్తే, అది ఎక్కించి వాణ్ని బతికించవచ్చని కూడా చెప్పారు.

ముందు అన్నకు పరీక్ష చేశారు. కలిసింది. ఇంట్లో పండగే! పెళ్లయి కోరుట్లలో ఉంటున్న నేను, నాకూ చేయమంటే అమ్మ కసురుకుంది. "కోరుట్లల పొద్దంత బీడీలు చేసుడాయె. తంబాకు రక్తం గది, ఏం పనికొస్తది బిడ్డా?"

నాకు ఒళ్లు మండింది.

కొద్దిరోజులకే డాక్టరమ్మ మళ్లీ పిలిచారు. అన్నలోనూ ఆ జన్యువే ఉంది, అతని మూలుగ వద్దన్నారు. తన సంగతి మరచిపోయి అన్న తమ్ముడి కోసం వెక్కివెక్కి ఏడ్చాడు. నేనిక ఎవర్నీ అడగలేదు. కొంగు నడుముకు దోపి సూది ముందు కూర్చున్నాను.

"తియ్యున్రి మేడం. గీ తంబాకు రక్తం సంగతేందో తేలాలె."

తేలింది. నా మూలుగ కలిసింది, ఆ జన్యువు నాలో లేదు. అమ్మ వచ్చి నా చేతులు పట్టుకుంది.

"గిప్పుడు చెప్పు," అన్నాను. అనకుండా ఎట్లా ఉంటాను!

నా మూలుగ ఎక్కించాక వాడు జ్వరంతో, వాంతులతో నలిగిపోయాడు. పోతాడేమోనని భయపడ్డాను. మెల్లగా రక్తం పుంజుకుంది. ఊపిరితిత్తులకు మాత్రం ఆ జన్యువు ముప్పు పోలేదు, ఇప్పటికీ చూపించుకోవాలి, వాడూ అన్నా ఇద్దరూ.

ఈమధ్య జగిత్యాలలో వాడి రక్త పరీక్షకు నేనూ వెంట వెళ్లాను. ల్యాబాయన పాత కార్డు తిప్పితిప్పి చూశాడు.

"గిండ్ల ఓ పాజిటివ్ ఉంది. గిప్పుడు బీ పాజిటివ్ అస్తుంది. యాడనో తప్పయింది."

తమ్ముడు ఛాతీ విరుచుకున్నాడు. "తప్పేం లేదన్నా. మూలుగ మారితే గ్రూపు గూడ మారుతది. గా 'ఓ' అమ్మ కన్నప్పటిది. గీ 'బీ' మా అక్కది."

అందరి ముందే వాడి నెత్తి మీద ఒక్కటి మొట్టి, భోరున ఏడ్చేశాను.