రెక్సిన్‌గాడు

మా ఆయన పియానోలు బాగుచేస్తాడు. చేతిలో పనితనం ఎంతుందో, బుర్రలో అనుమానం అంతకు రెట్టింపు. పాలు పొంగినా, కావాలనే ఎవరో మంట పెంచారంటాడు.

పన్నెండేళ్ల క్రితం మా మరిదీ ఆయనా ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లు. ఒకరోజు సంగీతం టీచరమ్మ, తన పియానో టకటకమంటోందని తెచ్చింది. మీట నొక్కితే తీగను కొట్టే సుత్తుల మొదట్లో చిన్న చిన్న తోలు ముక్కలుంటాయి. అక్కడ తోలుకు బదులు రెక్సిన్ ఉంది, ఎండి చెక్కలా బిగుసుకుపోయి. అంతకు ముందు ఏడు దాన్ని విప్పింది మా మరిదే.

"అసలు తోలు అమ్ముకుని రెక్సిన్ అంటించావురా!" అన్నాడు ఈయన, టీచరమ్మ ముందే.

"తీగలు బిగించానంతే అన్నయ్యా! సుత్తుల మీద చెయ్యే వెయ్యలేదు."

వింటేగా! టీచరమ్మ పియానో తీసుకుని వెళ్లిపోయింది. ఈయన తమ్ముడికి 'రెక్సిన్‌గాడు' అని పేరు పెట్టాడు. ఆ పేరున్నవాడికి పియానో ఎవరిస్తారు? పాపం, రెండు వీధుల అవతల కుర్చీలకు నిజంగానే రెక్సిన్ వేసుకుంటూ బతుకుతున్నాడు.

మొన్న అదే పియానోను టీచరమ్మ కూతురు తెచ్చింది. తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె ఆనించినా రెక్సిన్ ఊడలేదు. బ్లేడుతో కొంచెం కొంచెంగా గీకాడు. ముందు తోలుండి ఉంటే కింద దాన్ని అంటించిన పాత బంక మిగలాలి, తడి తగిలితే అది జిగురొస్తుంది. ఈయన చెక్కకు నాలుక ఆనించి చూశాడు. జిగురు లేదు. వట్టి చెక్క.

"తమ్ముడి తప్పు లేదన్నమాటేగా?" అన్నాను.

"ఒక్కటి చూసి నమ్మేస్తారా ఎవరైనా?"

ఎనభై ఎనిమిది సుత్తులూ గీకాడు, ఎనభై ఎనిమిదీ నాకాడు. ఎక్కడా పాత బంక లేదు. ఆ పియానో పుట్టడమే రెక్సిన్‌తో పుట్టింది.

"వాడు అబద్ధమాడలేదే," అన్నాడు చివరికి.

నాకు ఒళ్లు మండిపోయింది. "పన్నెండేళ్లండీ! ఇప్పుడా తెలిసేది? పోయి వాడితో చెప్పండి!"

ఆ ముక్కలన్నీ ఒక డబ్బాలో వేసుకుని బయల్దేరాడు. సగం దారిలో వెనక్కి తిరుగుతాడేమోనని నాకూ అనుమానమే. వెంటే వెళ్లాను.

గుమ్మంలో అన్నను చూసి మరిది లేచాడు. సొరుగు పూర్తిగా లాగి, పనిముట్లన్నీ బల్ల మీద కుమ్మరించాడు.

"ఈసారి ఏం పోయిందన్నయ్యా? వెతుక్కో."