సలోమిని ఇచ్చి ఇద్దరిని తెచ్చుకున్నారు: సంత్రాగాఛి నుంచి గార్డెన్ రీచ్‌కి లాంచీ మీద

కిందటిసారి బడ్జ్ బడ్జ్ వెళ్ళొచ్చిన సంగతి రాస్తే, హౌరా వైపు నుంచి గార్డెన్ రీచ్‌కి దగ్గర దారి కూడా చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు. చెబుతాను. కానీ నేనెందుకు వెళ్ళానో ముందు చెప్పకపోతే నాకు ఊపిరాడదు. మా అమ్మాయి సలోమి ఆట చూడడానికి వెళ్ళాను. ముప్పై అయిదేళ్ళు నిండిన పిల్ల, ఒక బిడ్డ తల్లి. పెళ్ళికి ముందు నుంచీ మా సంత్రాగాఛి రైల్వే కాలనీ ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టుకి నడుమ నిలబడి ఆడించింది. ఈ పోటీల్లో జట్లు సీజన్‌కి ముందు మనుషుల్ని మార్చుకోవచ్చు. ఈసారి మా కాలనీవాళ్ళు సలోమిని గార్డెన్ రీచ్ డాక్ జట్టుకి ఇచ్చి, అక్కడి నుంచి ఇద్దరు పొడుగు పిల్లల్ని తెచ్చుకున్నారు. ఆ కబురు విన్న సాయంత్రమే నేను కాలనీ అంతా సందేశ్ మిఠాయి పంచాను. మా పిల్ల ఒక్కదాని కోసం వాళ్ళు ఇద్దరిని వదులుకున్నారంటే సంబరపడనా మరి! కానీ నా సందేశ్ నోట్లో పెట్టుకుని నమలుతూనే జనం తీర్పు చెప్పేశారు, ముసలిదాన్ని వదిలించుకున్నారని. సరిగ్గా మొదటి ఆటే ఈ రెండు జట్లకీ, అదీ గార్డెన్ రీచ్‌లో. ఆవేళ నాకు ఇంట్లో కాలు నిలిస్తే ఒట్టు.

శనివారం పొద్దున్న తొమ్మిదికి ముందే బయల్దేరాను. సలోమి జట్టుతో కలవాలని తెల్లారకముందే వెళ్ళిపోయింది. మామూలుగా అందరూ లోకల్ ట్రైన్‌లో హౌరా వెళ్ళి, బ్రిడ్జి దాటి, బస్సులో ఊరంతా చుట్టుకుని గార్డెన్ రీచ్ చేరతారు. అలా వెళితే సగం రోజు బస్సులోనే గడిచిపోతుంది. మీరు అలా వెళ్ళకండి. సంత్రాగాఛిలో మినీబస్ ఎక్కి, షిబ్‌పూర్ దగ్గర ఇంకో బస్సు మారి, బొటానికల్ గార్డెన్ ఘాట్ దగ్గర దిగండి. రెండు టిక్కెట్లూ కలిపి పది రూపాయలు దాటవు. అక్కడ లాంచీ ఎక్కితే అవతలి ఒడ్డే గార్డెన్ రీచ్.

బస్సులో నా పక్కన యాకోబు కూర్చున్నాడు. రిటైరైన ఫిట్టరు, మా పక్క క్వార్టర్. నాకు చుట్టమేం కాదు గానీ మేం బావా అంటే బావా అనుకుంటాం. మా కాలనీ జట్టు ఆడే చోటికల్లా గొడుగు పుచ్చుకుని హాజరవుతాడు, ఎండైనా వానైనా.

"మనోళ్ళు మంచి పనే సేసినారు బావా," అన్నాడు టిక్కెట్ తీసుకుంటూనే. "సలోమి మన పిల్లే, కాదన్ను. దాని మోకాలు మాత్రం పరాయిదైపోనాది."

"నీ నోరు పడిపోను. ఆ మోకాలు కోసం అవతలోళ్ళు ఇద్దర్ని ఇచ్చినార్రా!"

"ఆల్లకి తెలీదు గదేటి, పాపం!" అని కిచకిచా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అది సరే గానీ, మన కూరగాయలు దానికి తెల్సు గదా. ఆల్లకి సెప్పెస్తాదేటి?"

ఈ కూరగాయల సంగతి మీకు చెప్పాలి. ఆటలో బంతి ఎటు వేయాలో మావాళ్ళు ఒకరికొకరు కేకేసి చెప్పుకుంటారు. అవతలివాళ్ళకి తెలియకూడదని ఆ కేకలకి సలోమే కూరగాయల పేర్లు పెట్టింది, మా ఆవిడ పక్కన కూర్చుని కూరలు తరుగుతూ. 'ముల్లంగి' అంటే బంతి రింగు కింద నిలబడ్డ పొడుగు పిల్లకి వెళ్ళాలి. 'వంకాయ' అంటే అందరూ కుడివైపు పరిగెత్తుతారు, బంతి మాత్రం ఎడమ మూలకి వెళుతుంది. ఆ మూలలో ఎప్పుడూ సలోమే ఉండేది. తెలుగు వచ్చినవాడికి కూడా అర్థం కాదు. ఇన్నేళ్ళూ మా జట్టు ఆ పేర్లతోనే ఆడింది. ఇప్పుడు పేర్లు పెట్టినదాన్నే ఇచ్చేశారు, పేర్లు మాత్రం మార్చలేదు.

"నా కూతురు అలాటిది కాదు," అన్నాను. అన్నానే గానీ, అప్పటినుంచి నాకు అదే ఆలోచన. చెబితే పాత స్నేహితులకి ద్రోహం. చెప్పకపోతే కొత్తవాళ్ళ ఉప్పు తింటూ వాళ్ళకి దక్కాల్సింది దాచినట్టు. అసలు దాన్ని ఆడిస్తారో లేదో అదీ తెలియదు. ఇద్దర్నిచ్చి తెచ్చుకుని బెంచీ మీద కూర్చోబెడితే, సందేశ్ పంచినవాణ్ణి నేను ఏ మొహం పెట్టుకుని కాలనీలో తిరగను?

లాంచీ నాలుగు రూపాయలు. సైకిళ్ళు, కోళ్ళ బుట్టలు, బట్టల మూటలు, మనుషులు అన్నీ కలిసి ఎక్కుతాయి. ఘాట్ గోడ నిండా ఎన్నికల రాతలు, ఎర్ర రంగు ఇంకా కొత్తగానే ఉంది. కుర్చీలు లేవు, చెక్క బల్లలు. ముందువైపు నిలబడితే నది మీది గాలి, దూరంగా డాక్ క్రేన్లు, ఒక పెద్ద ఓడ తుప్పు పట్టిన పొట్ట, అన్నీ కనిపిస్తాయి. నేను ముందుకి వెళ్ళాను, వెనక్కి వచ్చాను, మళ్ళీ ముందుకి వెళ్ళాను. టిక్కెట్లు చూసే అతను చిరాకుపడ్డాడు.

"దాదు, కూర్చుంటారా లేక నడిచే దాటేస్తారా?" అన్నాడు బెంగాలీలో. బల్ల మీద వాళ్ళంతా నవ్వారు. కూర్చున్నాను. ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకున్నాను. ఎవరి గెలుపు కోసం చేయాలో తెలియలేదు. చివరికి మోకాలు కోసం చేశాను.

అవతలి ఒడ్డున దిగగానే షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి అయిదు రూపాయలు. ఆట రెండింటికి. అందుకని ముందు భోజనం. ఇటువైపు వచ్చి బిర్యానీ తినకుండా వెళ్ళకండి, పెద్ద బంగాళాదుంప వేసి వండుతారు, దుంపే మాంసం కన్నా రుచిగా ఉంటుంది. ఇదంతా పాత అనుభవంతో చెబుతున్నాను, ఆరోజు మాత్రం నాకు ముద్ద దిగలేదు. వంటాయన గరిటె పట్టుకునే నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏం చాచా, బాగాలేదా?" అని హిందీలో నిలదీశాడు.

"బ్రహ్మాండంగా ఉంది. మా అమ్మాయికి ఇవాళ పరీక్ష లాంటిది."

"పరీక్ష అమ్మాయికైతే మీరెందుకు పస్తు?" అని నిలబడి నేను దుంప తినేదాకా కదల్లేదు. యాకోబు నా ప్లేటులో మాంసం మిగలకుండా చూసుకున్నాడు.

డాక్ క్వార్టర్స్ వెనక గోడ కట్టిన సిమెంటు కోర్టు. ఇటొక వరస మెట్లు, అటొక వరస మెట్లు. కాళ్ళు అలవాటుగా మా కాలనీవాళ్ళ వైపే వెళ్ళాయి. వాళ్ళు జరిగి చోటిచ్చారు, కానీ మాటలు ఆగిపోయాయి. "బావా, నువ్విటేటి? నీ పార్టీ అటు గదా!" అన్నాడు యాకోబు. వేళాకోళమే, కానీ నాకెక్కడో తగిలింది. లేచి అటువైపు వెళ్ళి, నన్నెవరూ ఎరగని చోట కూర్చున్నాను.

నా పక్కన తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక బెంగాలీ పెద్దాయన. డాక్‌లో క్రేను నడిపి రిటైరయ్యాడట. వేరుశనక్కాయలు నాకూ పెట్టాడు, ఆ వెంటనే తీర్పు చెప్పాడు.

"చూశారా అన్యాయం? రెండు తాటిచెట్లలాంటి పిల్లల్ని ఇచ్చేసి ఒక దిదిమాని తెచ్చారు. బాస్కెట్‌బాల్ ఆడడానికా, మనవళ్ళకి కథలు చెప్పడానికా?"

దిదిమా అంటే అమ్మమ్మ. నా పిల్లని. వేరుశనక్కాయ గొంతుకి అడ్డం పడింది.

ఆట మొదలైంది. సలోమి బెంచీ మీదే ఉంది. మా కాలనీ జట్టు కెప్టెన్ ఇప్పుడు ఎస్తేరు, సలోమి చేతి కింద ఆట నేర్చిన పిల్ల. "ముల్లంగీ!" అని అరిచింది. బంతి రింగు కింద కొత్త పొడుగు పిల్లకి వెళ్ళింది, పడింది. మళ్ళీ "ముల్లంగీ!" మళ్ళీ పడింది. అటువైపు మెట్ల మీద యాకోబు గొడుగు తిప్పుతున్నాడు. డాక్ కోచ్ వంగి సలోమిని ఏదో అడిగింది. సలోమి తల అడ్డంగా ఊపింది. ఆ కోచ్ ఏం అడిగిందో నాకు వినపడక్కర్లేదు.

పక్కాయన నన్ను మోచేత్తో పొడిచాడు. "మీరు మద్రాసీ కదా? ఆ పిల్ల ఏమని అరుస్తోంది?"

అబద్ధం ఆడలేను, నిజం చెప్పలేను. "ములో అంటోంది," అన్నాను, బెంగాలీలో ముల్లంగిని అలాగే అంటారు కనక.

"ములోనా? ఆటలో ములో ఏమిటి?" అని నన్ను పైనుంచి కిందకి చూసి, కొంచెం దూరం జరిగాడు.

సగం ఆట అయ్యేసరికి డాక్ జట్టు బాగా వెనకబడింది. నేను లేచాను, కూర్చున్నాను, గోడ దాకా వెళ్ళి వచ్చాను. మూడో క్వార్టర్‌లో కోచ్ సలోమి భుజం తట్టింది. మా పిల్ల మోకాలికి పట్టీ బిగించుకుని లోపలికి వచ్చింది. వచ్చి తన జట్టు దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా ఎస్తేరు ముందు నిలబడి, కోర్టంతా వినపడేలా తెలుగులో అంది.

"ఎస్తేరూ, ఆ కూరగాయలు మానెయ్యండే! ఈల్లకి నానేటీ సెప్పనేదు. కానీ నా సెవులు మూసుకోనేను గదా, ఇంటే నా కాల్లు ఊరుకోవు."

అటునుంచి యాకోబు అరిచాడు. "ఇనకండే! మనల్ని బెదరగొట్టడానికి ఏసం!"

ఎస్తేరు విన్నది యాకోబు మాట. "ముల్లంగీ!" అంది. బంతి గాల్లో ఉండగానే సలోమి అక్కడుంది, అందుకుంది. మళ్ళీ ముల్లంగి, మళ్ళీ సలోమి చేతిలోనే. దాంతో యాకోబే మెట్ల మీద నిలబడి "పేర్లు మార్సండే! సేపల పేర్లు ఎట్టండి!" అని గోల. ఎస్తేరు గాబరాలో "వంజరం!" అని అరిచింది. కొత్త పొడుగు పిల్లలిద్దరూ బెంగాలీవాళ్ళు. పాపం ముల్లంగీ వంకాయా వారం పాటు బట్టీ పట్టి వచ్చారు, వంజరం అంటే వాళ్ళకేం తెలుసు? ఒకరు ఇటు, ఒకరు అటు పరిగెత్తి గుద్దుకున్నారు. నా పక్కాయన మళ్ళీ నా దగ్గరికి జరిగి, వేరుశనక్కాయల పొట్లం మొత్తం నా ఒళ్ళో పెట్టాడు.

చివరికి ఒక్క పాయింటు తేడా, మా కాలనీవాళ్ళదే పైచెయ్యి. బంతి ఎస్తేరు దగ్గర. ఏ కేకా వేయకుండా బంతి కొడుతూ నిలబడితే చాలు, ఆట అయిపోతుంది. సలోమి ఎడమ మూలలో ఉంది. అక్కడి నుంచి ఉన్నట్టుండి అరిచింది.

"వంకాయా!"

మా పాత పిల్లలిద్దరూ ఆలోచించకుండా కుడివైపు పరిగెత్తారు. ఎస్తేరు చేతులు ఇన్నేళ్ళ అలవాటు ప్రకారం బంతిని ఎడమ మూలకి విసిరేశాయి. అక్కడ సలోమి ఉంది, ఎప్పటిలాగే. బంతి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి పరుగు. ఆ కుంటి పరుగు చూస్తుంటే నా మోకాలు నొప్పి పుట్టింది. వెనక పొడుగు పిల్లలు తరుముకొస్తున్నారు. ఎగిరింది. బంతి రింగు అంచు మీద ఒక చుట్టు తిరిగి లోపల పడింది. విజిల్.

నేనేం అరిచానో నాకు గుర్తులేదు. ఎస్తేరు పరిగెత్తుకెళ్ళి సలోమి వీపు మీద దబదబా బాదింది. "దొంగ మొకవా! నా సేత్తోనే నీకిప్పించుకున్నావే!" అంటూ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా మెడ కౌగిలించుకుంది. సలోమి కుంటుతూ మెట్ల దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నువ్వేటి ఇటు కూకున్నావు?"

"ఆ కేక కావాలనే ఏసినావా?"

"తెలీదు నాన్నా. ఆ మూలకి ఎల్లేసరికి నోట్లోంచి వచ్చెసినాది."

పక్కాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ అమ్మాయా?" అన్నాడు బెంగాలీలో. నేను తలూపాను. ఆయన తల మీది తువ్వాలు తీసి మొహం దాచుకున్నాడు. తర్వాత మాకిద్దరికీ టీ తెప్పించి, నా చేతిలోని మట్టి కప్పు ఖాళీ అయ్యేదాకా దిదిమా మాట నేను విననట్టే, తను అననట్టే మాట్లాడాడు.

తిరుగు లాంచీలో యాకోబు గొడుగు ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. "మనోళ్ళు తిక్కపని సేసినారు బావా," అన్నాడు. పొద్దున్న ఈ మాట కోసం ప్రాణం పెట్టేవాణ్ణి. ఇప్పుడు వినగానే సంతోషం వేసింది గానీ, నా మనసు ఇంకోచోట ఉంది. ఒకరికి ఇద్దరని కాలనీ అంతా చెప్పుకు తిరిగాను, అదే మా పిల్ల విలువ అనుకున్నాను. కానీ ఆట మధ్యలో వెళ్ళి, నా ముందు ఆ పేర్లు వాడకండి అని పాత స్నేహితురాలికి చెప్పిందే, ఆ క్షణంలో నా గుండె పట్టలేకపోయింది. గెలవకపోయినా ఇంటికి ఇలాగే ఊగుతూ వచ్చేవాణ్ణేమో. ఈసారి కూడా టిక్కెట్ల అతను కూర్చోమన్నాడు. ఈసారి కూడా కూర్చోలేకపోయాను.

మీరు వెళ్ళేటట్టయితే సాయంత్రం లాంచీలు త్వరగా ఆగిపోతాయి, దిగినప్పుడే ఆఖరి లాంచీ వేళ కనుక్కోండి. ఇంకొక్కటి. అక్కడ ఆట చూడ్డానికి కూర్చుంటే, మీరు ఎవరి తాలూకో విజిల్ పడేదాకా చెప్పకండి. నిజాలు వినపడతాయి, వేరుశనక్కాయలూ దొరుకుతాయి.