ముడి వేయని బొంత

మా ఇంటికొచ్చినవాళ్లు నా మంచం మీది పాత బొంతను చూస్తే చాలు, ఒకటే ప్రశ్న. "నడుమ ఆ దారం వేలాడుతోందేమిటండీ, కత్తిరించమంటారా?" నాకు ఒళ్లు మండుతుంది. కత్తెర మా ఇంట్లోనూ ఉంది మరి. ఆ దారం సంగతి చెప్పాలంటే మా అవ్వ సుక్కమ్మ సంగతి చెప్పాలి. తీరికుంటే కూర్చోండి.

అవ్వ చిట్యాలలో బొంతలు కుట్టేది. బొంత పరవడానికి జాగా కావాలి, మా ఇంట్లో కాలు చాపితే గోడ తగిలేది. పట్నం పోయే సడక్ పక్కన యాభైలలో గ్రంథాలయం పెట్టారు. ఒకటే గది, కానీ దాని ముందు అరుగు మాత్రం వెడల్పు. అవ్వ పాత చీరలు, ధోవతులు మూట గట్టుకుని పోయి అక్కడే పరుచుకునేది. అక్షరమ్ముక్క రాని మనిషి రోజూ గ్రంథాలయానికి పోతోందని ఊళ్లో నవ్వారట. నవ్వితే ఆమెకేం పోయింది?

పుస్తకాలు చూసుకునే గుర్వయ్యకు మధ్యాహ్నం పనుండేది కాదు. గడపలో కూర్చుని పైకి చదివేవాడు. లైను కింద వేలు పెట్టి, పెద్ద మాట వస్తే ఆగి, దాన్ని ముక్కలు చేసి, కలుపుకుని, మళ్లీ మొదటి నుంచి అందుకునేవాడు. అవ్వ సూదీ దానికి తగ్గట్టే నడిచేది. పుస్తకం మొదలైన రోజే బొంత అంచున మొదటి కుట్టు పడేది. చుట్లు తిరిగి తిరిగి నడిమికి వచ్చేసరికి కథ అయిపోవాలి, ఆ రోజే ఆఖరి ముడి. "కుట్టేటప్పుడు ఇన్నది బొంతకు పడ్తది, కప్పుకున్నోళ్లకు అదే తగుల్తది" అనేది అవ్వ. గుర్వయ్య కూడా ముందు పేజీలు తొంగి చూసేవాడు కాదు. అవ్వను అక్కా అనేవాడు, ఆమెతోపాటే తెలుసుకోవాలని ఆయన ముచ్చట.

చౌటుప్పల్ నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి బొంతల గురించి అడిగేవారు. కథ నడుస్తుండగా అడిగితే మాత్రం అవ్వ తల ఎత్తేది కాదు. గుర్వయ్య ఎప్పుడు నీళ్లు తాగుతాడా, ఎప్పుడు కళ్లద్దాలు తుడుచుకుంటాడా అని వాళ్లు కాచుకునేవారు.

"నా బొంత ఉతకంగనే ముడతలు పడ్డది సుక్కక్కా," అంది ఒకసారి పక్కింటి నర్సింగమ్మ.

"నడుమ కొత్త గుడ్డ పెట్టినవా?"

"మంచిగుంటదని పెట్టిన."

"పాతది ఎప్పుడో ముడుసుకున్నది. కొత్తది ఇప్పుడు ముడుసుకుంటది. రెంటికి పొత్తు ఎట్ల కుదురుతది? ఇప్పి మళ్ల కుట్టు." అని గుర్వయ్య వైపు తిరిగింది. "సదువు తమ్మీ."

మా అమ్మ యాదలక్ష్మి రెండోసారి పురిటికి పుట్టింటికి వచ్చిన ఏడు అవ్వకు నవ్వు లేదు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, అమ్మ కూడా చావు దాకా పోయి వచ్చింది. పుట్టబోయే బిడ్డకు బొంత పట్టుకుని అవ్వ అరుగెక్కింది. "మంచి కథ తియ్యి తమ్మీ. బిడ్డకు కప్పేది," అంది. గుర్వయ్య అట్ట మీద ఉయ్యాల బొమ్మ ఉన్న నవల తీశాడు. మొదట్లోనే పెళ్లి, ఆ తర్వాత సీమంతం. ఇద్దరూ మురిసిపోయారు.

చివరికొస్తుండగా పుస్తకం కుట్టు వదిలి కాగితాలు జారిపోయాయి. సర్ది అతికిద్దామని కూర్చున్న గుర్వయ్య కంట ఆఖరి పేజీలు పడ్డాయి. అందులో అమ్మాయి ఆడపిల్లను కని కన్నుమూస్తుంది. పాపం, ఆ ముగింపు అక్కకు ఎలా చదివి వినిపిస్తాడు? గొంతు నొప్పని కొన్నాళ్లు దాటేశాడు. అవ్వ మిరియాల కషాయం కాచి తెచ్చేసరికి ఇక దారిలేక పుస్తకం తెరిచాడు.

ఆ మధ్యాహ్నం గుర్వయ్య గలగలా చదివాడు. కథలో అమ్మాయి పండంటి బిడ్డను కన్నది. వాళ్లమ్మ "జర నీళ్లు కాగబెట్టుండ్రే, పిల్లకు తానం పోయాలె" అన్నది. బాలింతకు జొన్నరవ్వ ఉడికించి గట్క పెట్టారు. తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు, కథ సమాప్తం. గుర్వయ్య పుస్తకం మూసి, "ముడెయ్యక్కా," అన్నాడు.

అవ్వ ముడి వేయలేదు. సూదిని బొంతకే గుచ్చి, మడిచి, చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది.

నొప్పులు పొద్దున మొదలైతే పొద్దు వాలేదాకా తెమల్లేదు. మంత్రసాని గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా అవ్వ లేచి నిలబడేది. ఆఖరికి నేను ఏడ్చాను, తర్వాత అమ్మ మంచినీళ్లు అడిగింది. అప్పుడు అవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. సూది మాత్రం లాగేసి, ముడి లేని ఆ బొంతలోనే నన్ను పడుకోబెట్టింది.

అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక అవ్వ నన్నూ బొంతనూ ఎత్తుకుని గ్రంథాలయానికి పోయింది. గడపలో గుర్వయ్య లేచి నిలబడ్డాడు.

"కూసో తమ్మీ. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు సదువు."

"సదివిన గదక్కా."

"నువ్వు తడబడకుండ సదివింది గా ఒక్క దినమే. ఏలు పెట్టిన కాడ్నే ఉన్నది. ఇంత కాలమాయె, ఏ పుస్తకంల మన గట్క పెట్టిన్రు చెప్పు. నా బిడ్డ కోసం అబద్ధమాడినవ్, నాకెర్కే. నిన్నేమంట లేను. సదువు."

గుర్వయ్య చదివాడు, ఈసారి మాట మాటకూ ఆగుతూ. బాలింత చనిపోయిన చోట అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని కన్నబిడ్డకు ఏడ్చినట్టు ఏడ్చింది. అన్నీ తెలిసి, తన బిడ్డ గట్టెక్కాక, ఆ కథకు ఏడవడానికని అంత దూరం నడిచి పోయింది మా అవ్వ. ఆ గుండె నాకెక్కడిది?

"ఇప్పుడన్న ముడేస్తవా అక్కా?"

"దీని కథ నా ఒళ్లె ఉన్నది. గిప్పుడే మొదలాయె, ముడెట్ల ఏస్త?" అని నన్ను బొంతలో సర్దుకుంది. కాసేపటికి, "గా పుస్తకంల పిల్ల ఏమాయె తమ్మీ?" అని అడిగింది.

"రాయలేదక్కా. పుట్టిందన్నరు, అంతే."

"తల్లి లేకపాయె. దానికి ఎవరు కుడ్తరు?"

మర్నాడు మళ్లీ అరుగెక్కింది. తన పెళ్లినాటి చీర ముక్కలతో జానెడు బొంత కుట్టింది. గుర్వయ్య ఏ పుస్తకం తీసినా వద్దని, వట్టిగానే కుట్టి, గట్టిగా ముడి వేసి, ఆయన చేతిలో పెట్టి వచ్చింది.

అరవైలు ముగిసేనాటికి నాకు చదువు బాగా వచ్చింది. అప్పటికి అవ్వ లేదు. ఆ నవల కావాలని గ్రంథాలయానికి వెళ్లాను. ముసలివాడైపోయిన గుర్వయ్య తాత అలమార తెరిచాడు. పుస్తకాలన్నీ నిలబడి ఉన్నాయి, అదొక్కటే అడుగు అరలో పడుకుని ఉంది, మీద జానెడు బొంత కప్పుకుని. తాత బొంత తీసి మడిచి పక్కన పెట్టి, పుస్తకం నాకిచ్చాడు.

"సదివి జల్ది తే బిడ్డా," అన్నాడు. "మళ్ల కప్పాలె."